చివరి మలుపులో ఆగే గిటారు

గిటారు వైరు పీకేసి స్టేజీ మీద నిలబడడం మా వృత్తిలో పెద్ద నేరమేమీ కాదు. తిరుపతి చుట్టుపక్కల పెళ్లి రిసెప్షన్లకు వెళ్లే పాటల బృందాల్లో అది మామూలే. కష్టమైన బిట్టు రాగానే కీబోర్డు ఆయన దాన్ని పెన్‌డ్రైవులోంచి వదులుతాడు. గిటారు పట్టుకున్నవాడు వేళ్లు ఆడిస్తూ, కళ్లు మూసుకుని, సంగీతంలో మునిగిపోయినట్టు తల ఊపుతాడు. జనం చప్పట్లు కొడతారు. తర్వాత భోజనాల దగ్గర వాయించినవాడికీ వాయించనివాడికీ ఒకే బిర్యానీ వడ్డిస్తారు.

ఇంత సుఖమైన ఏర్పాటును కాలదన్నుకున్నవాణ్ణి నేను.

వారంలో ఐదారు రోజులు నేను ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుని. లోలకం ఊగుతుంటే స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కపెట్టడం పిల్లలకు నేర్పుతాను. "మీ కన్నునీ చెవినీ నమ్మకండి, పరికరాన్ని నమ్మండి" అని ఇరవై ఏళ్లుగా ఒకటే పాట. పెళ్లిళ్ల కాలంలో సాయంత్రాలు గిటారు. "ఒకటి జీతమొచ్చే పని, ఇంకోటి జీతం పొయ్యే పని" అని మా ఆవిడ రెండు ఉద్యోగాలనూ ఒక్క ముక్కలో తేల్చేసింది.

గొడవ ఒక పాత సినిమా పాటతో మొదలైంది. దాంట్లో రెండో చరణానికి ముందు డ్రమ్ములు, కీబోర్డు, తబలా అన్నీ ఆగిపోతాయి. గిటారు ఒక్కటే పరుగెత్తుతుంది. తాళం ఒక్కో దెబ్బకు నాలుగు నోట్లు, చేతిలోని పిక్ తీగను కిందికీ పైకీ మీటుతూ ఎక్కడా ఆగకూడదు. మొత్తం కలిపి అర నిమిషం కూడా ఉండదు. పాతికేళ్లుగా ఆ అర నిమిషం నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మా మేనమామ మనవరాలి రిసెప్షన్ వడమాలపేటలో మా బృందానికే వచ్చింది. పెళ్లికూతురికి ఆ పాటే కావాలట. మా కీబోర్డు ఆయన, బృందానికి యజమాని కూడా ఆయనే, నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఆ బిట్టు నాకిడిసిపెట్టు. పెన్‌డ్రైవులో ఉండాది. నువ్వు గమ్మున నిలబడు, ఫొటోలో బాగుంటావు."

ఊరికి ఊరు, చుట్టాలకు చుట్టాలు. చిన్నప్పుడు నా గిటారును చూసి "సన్యాసి చేతిలో తంబూరా" అని నవ్వినవాళ్లంతా ముందు వరసలో కూర్చుని ఉంటారు. వాళ్ల ముందు వైరు లేని గిటారు ఊపుకుంటూ నిలబడాలా? నాకు రోషం వచ్చింది.

"నేనే వాయిస్తా" అన్నాను.

"పాట నూట నలభైలో పోతాది" అన్నాడు. నిమిషానికి నూట నలభై దెబ్బలని అర్థం. "రెండు నెలలు టైముండాది. రిహార్సల్లో సక్కగా వచ్చిందా, సరి. రాలేదా, వైరు పీకేది నేనే. మళ్ళ మనసులో ఏం పెట్టుకోగూడదు."

పెట్టుకోనన్నాను. అప్పటికే పెట్టేసుకున్నాను.

మరుసటి రోజు నుంచి పొద్దున్నే మిద్దెమీద సాధన. ఫోన్లో మెట్రోనోమ్ పెట్టుకున్నాను. నిమిషానికి ఎన్ని దెబ్బలు కావాలంటే అన్నిసార్లు టిక్, టిక్ అని కొడుతుంది. నూరు దగ్గర నా చెయ్యి మర్యాదగానే నడిచింది. నూట ఇరవైకి మణికట్టు బిగుసుకుంది. నూట నలభై పెడితే చీమల పుట్టలో వేలు పెట్టినట్టయింది.

ఇంటర్నెట్టులో ఒక మహానుభావుడు చిట్కా చెప్పాడు. ముందు నూట డెబ్భైలో ఐదు నిమిషాలు ఎలా వస్తే అలా బాదాలట. తర్వాత నూట నలభైకి దిగితే అది నెమ్మదిగా అనిపిస్తుందట. చేసి చూశాను. నిజంగానే అనిపించింది! టిక్కుకీ టిక్కుకీ మధ్య సందు కనిపించింది. చిత్తూరు నుంచి నాలుగు లైన్ల రోడ్డు మీద దూసుకొచ్చి ఊళ్లోకి తిరిగితే, అరవైలో పోతున్నా బండి నడిచిపోతున్నట్టే ఉంటుంది చూడండి, అదే. ఆ నూట నలభైలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టుంది నాకు. సంతోషంగా కిందికి దిగివచ్చి మా ఆవిడకు చెప్పాను.

ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ ఉంది. "వచ్చేసినట్టేనా అయితే?"

"వచ్చేసింది."

"మరి నిన్నటికంటే గజిబిజిగా వినపడతాండాదేమి?"

సంగీతం తెలియనివాళ్లతో వాదించడం దండగని ఊరుకున్నాను. కానీ ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. రెండు రోజుల తర్వాత నాకే అనుమానం వచ్చింది. కాఫీ తాగకముందు నూట ఇరవై పెడితే తరుముతున్నట్టుంది. కాఫీ తాగాక అదే నూట ఇరవై నత్తనడక. కాలేజీలో ఎవరితోనైనా పోట్లాడి వచ్చిన రోజున మరీ నత్త. సహజంగానే నేను ఫోన్ను అనుమానించాను. కాలేజీ స్టాప్‌వాచ్ ఇంటికి తెచ్చి, నిమిషంపాటు టిక్కులు లెక్కపెట్టాను. సరిగ్గా నూట ఇరవై. మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ నూట ఇరవై. పిల్లల చేత రాయించినట్టే ఒక రికార్డు పుస్తకంలో ఉద్దేశం, పరికరాలు, పద్ధతి అన్నీ రాసి, ఫలితం దగ్గర ఇలా రాశాను: పరికరంలో దోషం లేదు. దోషం పరిశీలకుడిది.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెప్పిన మాట నాకు వర్తిస్తుందని తెలుసుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మంచి గురువు కదా.

సరే, ఇక చెవిని నమ్మకూడదు. వాయించి ఫోన్లో రికార్డు చేసి, టిక్కుతో పోల్చాను. నాలుగేసి నోట్ల గుంపులో మొదటి నోటు టిక్కు మీద పడుతోందా? పడుతోంది. నూట నలభైలోనూ పడుతోంది! ఒకటికి పదిసార్లు చూశాను. ప్రతి టిక్కు మీదా ఒక నోటు బుద్ధిమంతుడిలా వచ్చి కూర్చుంటోంది. ఇంతకంటే రుజువేం కావాలి? ఆ పూట మా ఆవిడతో కొంచెం గర్వంగానే మాట్లాడాను.

నా గర్వాన్ని ముగించినవాడు మా నాయన.

మా నాయన తిరుమల కొండమీదికి జీపు నడిపినవాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆ మలుపుల్లోనే బతికాడు. డీజిలింజను పక్కన అన్నేళ్లు కూర్చున్నందుకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవికి గట్టిగా అరిస్తే సగం అందుతుంది. పొద్దున్నే ఎండ కోసం మిద్దెమీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటాడు. నా సాధనకు అంతకంటే మంచి శ్రోత దొరకడని నేను ధైర్యంగా ఉన్నాను.

ఆయన వారం రోజులు నా చెయ్యినే చూశాడు. ఒకరోజు లేచి వచ్చి, ఏమీ అడక్కుండా, గిటారు చెక్క మీద అరచెయ్యి పెట్టాడు. జీపు బానెట్టు మీద పెట్టినట్టే పెట్టాడు.

"ఇప్పుడు వాయించు."

వాయించాను.

"మిస్సింగ్ కొడతాండాది" అన్నాడు.

ఇంజను అన్ని సిలిండర్లూ సమంగా పేలక మధ్యలో ఒకటి తడబడితే మెకానిక్కులు ఆ మాట అంటారు. నాకు ఒళ్లు మండింది. నేను పాతికేళ్లుగా గిటారు వాయిస్తున్నవాణ్ణి. ఆయనకు చెవుడు. ఫోను ఆయన కళ్ల ముందు పెట్టి, టిక్కుకొకసారి వెలిగే చుక్కను చూపించి, గట్టిగా అరిచాను.

"ప్రతి టిక్కుకూ సరిగ్గా వస్తా ఉండాను నాయనా! సూడు!"

"వస్తాండావు, కాదన్నానా? గేటుకాడికి టైముకే వస్తాండావు. నడిమిన ఏం జేస్తాండావు?"

నాకు అర్థం కాలేదు. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

తిరుపతి వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, కొండ దిగే బండ్లకు పైన గేటులో టైము వేసిన చీటీ ఇస్తారు. ఇంత సేపటికి ముందు కింద గేటుకు చేరకూడదని లెక్క. ముందే చేరితే బండి వేగంగా వచ్చినట్టే, జరిమానా. వేగాన్ని ఎవరూ మలుపు మలుపుకీ నిలబడి కొలవరు. రెండు గేట్ల టైమునే కొలుస్తారు. అందుకని తొందర ఉన్న డ్రైవర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. మలుపుల్లో వీలైనంత దూకించి, కింద గేటు కనిపించే ముందు, చివరి మలుపులో బండి ఓరగా ఆపుతారు. బీడీ కాలుస్తారు, టైరు తన్ని చూస్తారు, వాచీ చూసుకుంటారు. మిగిలిన నిమిషాలు కరిగాక సాధువుల్లా గేటులోకి వస్తారు. చీటీ మీద అంతా ధర్మమే.

"నేనూ అట్లనే చేసేవాణ్ణి" అన్నాడు నాయన. ఈ సంగతి నాకు అంతవరకు తెలియదు. ఇంట్లో ఆయన నిదానమే ప్రధానం అని చెప్పే మనిషి.

"ఒకతూరి సత్యవేడు పక్క నించి ఒక ముసిలామె వచ్చినాది. కొడుకూ కోడలూ ఎనకాల, ఆమె నా పక్కన. చివరి మలుపులో ఆపి, టీ తాగొచ్చి, గేటు దాటించి కింద దించినాను. టైము కరెక్టుగా ఉండాది, పోలీసాయన గూడా సలాం కొట్టినాడు. ఆమె దిగి, నా చెయ్యి పట్టుకోని, 'టైముకే దించినావు నాయనా, ఆ టైములో నేను మూడుసార్లు సచ్చిపొయ్యినాను' అనింది."

ఆయన ఎదురుగా ఉన్న కొండవైపు తిరిగాడు.

"తిట్టింటే బాగుండు. తిట్టల్యా. ఆ పొద్దు నించి నేను యాడా నిలబెట్టలేదు. నిలబెట్టాల్సిన పని లేకుండా నడిపినాను. అంతే."

తర్వాత నా గిటారు వైపు వేలు చూపించాడు.

"పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగేది మేలంటారు. నువ్వు పరిగెత్తి పాలూ తాగతాండావు, నిలబడి నీళ్లూ తాగతాండావు."

ఆ పూట కాలేజీకి వెళ్తూ బస్సులో నా రికార్డింగును సగం వేగంలో పెట్టి విన్నాను. ఈసారి టిక్కుల మీది నోట్లను వదిలేసి మధ్యలో ఉన్నవాటిని విన్నాను. మూడు నోట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేస్తున్నాయి. నాలుగోది వచ్చి, టిక్కు ఇంకా పడలేదని గమనించి, అక్కడే బీడీ ముట్టించుకుంటోంది. ఒక తీగ మీది నుంచి పక్క తీగకు మారేచోట మరీ ఘోరం. అక్కడ భయం కాబట్టి ముందే దూకేసి తర్వాత నిలబడుతున్నాను. నేను టిక్కునే కొలిచాను. గేటు కొలిచి బండి మంచిదన్నాను. సిగ్గు వేసింది. బస్సులో ఎవరూ చూడకుండా ఫోను జేబులో పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి నా మెట్రోనోమ్ నాయన అరచెయ్యే. ఫోను కూడా టిక్కు టిక్కుమంటూనే ఉండేది గానీ, దానికి గేటు వరకే అధికారం. ఎనభై నాలుగుకు దించాను. నాయన చెక్క మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని కూర్చునేవాడు. తడబడినచోట చూపుడువేలు లేచేది. మాట లేదు, తిట్టు లేదు, వేలు లేవడమే. తీగ మారే మూడుచోట్లకూ ఆయన ఒకటో మలుపు, రెండో మలుపు, మూడో మలుపు అని పేర్లు పెట్టాడు. మూడోది అన్నిటికంటే చెడ్డది. అక్కడ ఆ వేలు ఎన్నిసార్లు లేచిందో లెక్క పెట్టి ఉంటే నేను ఎప్పుడో గిటారు అమ్మేసేవాణ్ణి.

విచిత్రమేమిటంటే, వేలు లేవని రోజుల్లో నాకు వాయించినట్టే ఉండేది కాదు. నోట్లు సమంగా పడుతుంటే వేగం తెలిసేది కాదు. నూటపన్నెండు దగ్గర నాకు చచ్చే విసుగు. ఇంత నెమ్మదైతే పెళ్లికొడుకు నిద్రపోతాడని గొణిగాను. నాయన పెదాల కదలికను బట్టి ఏదో అన్నానని పోల్చుకుని, "ఏంది?" అన్నాడు. "ఏం లేదు నాయనా" అన్నాను. ఇన్నాళ్లూ నేను వేగమనుకున్నది మణికట్టులోని నొప్పినీ, గుండెలోని కంగారునీ. అవి పోయేసరికి వేగం కూడా పోయిందనుకున్నాను.

రెండు నెలలు అయ్యేసరికి వేలు లేవకుండా వచ్చింది నూట ఇరవై ఆరు. ఒక్కటి ఎక్కువ పెట్టినా మూడో మలుపులో బీడీ వాసన వచ్చేది. అడిగిందేమో నూట నలభై.

రిహార్సల్ రోజున కీబోర్డు ఆయన చేతిలో పెన్‌డ్రైవు పట్టుకునే కూర్చున్నాడు. నేను అబద్ధం చెప్పలేదు. నిజం కూడా ముందే చెప్పలేదు. "ముందు నేనొక్కణ్ణే వాయిస్తా, విను, ఎంతలో ఉండాదో చెప్పు" అన్నాను. వాయించాను. ఆయన కళ్లు మూసుకుని, వేలితో బల్ల మీద కొట్టుకుంటూ విన్నాడు. అనుభవమున్నవాడు కదా, బాగా ఆలోచించి చెప్పాడు.

"నూట నలభై ఐదుంటాది. రొంత తగ్గించన్నా, ఆడోళ్లు డాన్స్ చేసుకోవాల."

ఫోను చూపించాను. నూట ఇరవై ఆరు.

"నీ ఫోను చెడిపొయినట్టుండాది."

ఆయన తన ఫోన్లో పెట్టి చూశాడు. అదే వేగం. రెండు ఫోన్లూ చెడిపోవడం కష్టం కాబట్టి, నోట్లన్నీ విడివిడిగా వినబడి తన చెవే వేగం పెంచిందని ఒప్పుకోక తప్పలేదు. చివరికి పెన్‌డ్రైవు చొక్కా జేబులో వేసుకుని, "సరేలే, ఇనేవాళ్లకు ఫోన్లుండవు" అన్నాడు. పాట మొత్తం నూట ఇరవై ఆరుకు దిగింది. పాడే అమ్మాయి ఒక్కతే నాకు దండం పెట్టింది. ఆ పాటలో ఊపిరి తీసుకునే సందు ఆమెకు మొదటిసారి దొరికిందట.

వడమాలపేట కళ్యాణమండపంలో చుట్టాలంతా నేను భయపడినచోటే, ముందు వరసలోనే కూర్చున్నారు. నాయన మాత్రం వాళ్లతో కూర్చోకుండా కుర్చీని స్పీకర్ పెట్టె పక్కకు లాగించుకున్నాడు. ముసలాయనకు చెవులు పోతాయని ఎవరో వారించబోయి, పోవడానికి ఏమీ లేవని గుర్తొచ్చి ఊరుకున్నారు. ఆయన పెట్టె మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

రెండో చరణం ముందు అన్నీ ఆగిపోయాయి. నా గిటారు ఒక్కటే మిగిలింది. మొదటి మలుపు, రెండో మలుపు, మూడో మలుపు. వేలు లేచిందేమోనని నాయన వైపు చూడలేదు, ధైర్యం చాలలేదు. నాకు అది కూడా నెమ్మదిగానే అనిపించింది. అయిపోయాక డ్రమ్ములు అందుకున్నాయి, జనం చప్పట్లు కొట్టారు. పాతికేళ్ల ముల్లు దిగిపోయింది. నాకు ఏడుపు వచ్చేంత సంతోషమైంది.

ఆ సంతోషం భోజనాల పంక్తి వరకు ఉంది. నాకు రెండు విస్తళ్ల అవతల మేనమామ కొడుకు, తంబూరా అన్నవాళ్లలో ముఖ్యుడు, పక్కాయనతో చెబుతున్నాడు. నేను వింటున్నానని తెలిసీ చెబుతున్నాడు.

"ఏం స్పీడప్పా అది! అయితే ఆ తావ మాత్రం పెన్‌డ్రైవు. నాకు తెల్దా? మడిసి చెయ్యి అంత సమంగా పోతాదా యాడన్నా? మా వోడు ఉత్తినే వైరు పీకి నిలబడినాడు. యాక్షన్ మాత్రం బ్రహ్మాండం."

పక్కాయన ఒప్పుకున్నాడు. ఎదుటి వరసలో ఇద్దరు నవ్వారు. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది నాకు. ఏమని చెప్పాలి? వైరు చూపించాలా? మళ్లీ వాయించాలా? రెండు నెలలు కష్టపడి, పెన్‌డ్రైవు అని పేరు తెచ్చుకున్నాను. తడబడుతూ వాయించి ఉంటే కనీసం నేనే వాయించానని నమ్మేవాళ్లు.

నాయన నా పక్కనే తింటున్నాడు. ఆయనకు వినబడలేదనే అనుకున్నాను. కానీ వాళ్ల నవ్వులూ, నా ముఖమూ చూసి, "ఏమంటాండాడు వాడు?" అని అడిగాడు. నేను కుడి చెవి దగ్గరికి వంగి, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. ఆయన నిదానంగా నమిలి మింగాడు. నీళ్లు తాగాడు. చెవిటివాళ్ల గొంతు ఎప్పుడూ పెద్దదే కాబట్టి పంక్తి మొత్తానికి వినబడింది.

"పెన్‌డ్రైవు గాదప్పా. మూడో మలుపులో ఎంట్రుకంత అదిరినాడు. మిషనైతే అదరదు. మా వోడే వాయించినాడు."

మేనమామ కొడుకు తల వంచుకుని బిర్యానీ కలుపుకున్నాడు. ఆ అదురు నాకు వినబడలేదు. ఇంటికెళ్లి, స్టేజీ మీద ఫోన్లో తీసుకున్న రికార్డింగును సగం వేగంలో, పావు వేగంలో పెట్టి విన్నా దొరకలేదు. ఉందో లేదో ఆయన్ని మళ్లీ అడగలేదు.